అది బెల్లం దిమ్మా... దూది మూటా?

ఆమధ్య నూకాలమ్మ జాతర రోజుల్లో అనకాపల్లిలో తెలిసినవాళ్లింటికి వెళ్లాను. భోజనాలయ్యాక ఆ ఇంటి అబ్బాయి లాప్‌టాప్‌ తెచ్చి హాల్లో బల్ల మీద పెట్టాడు. డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాడు. నాలుగు నెలలుగా రాత్రుళ్లు తలుపేసుకుని ఏం చేస్తున్నాడో ఇంట్లో ఎవరికీ తెలీదు. ఆరోజు తెలిసింది. సొంతంగా ఓ వీడియోగేమ్‌ తయారుచేస్తున్నాడు!

అందులో హీరో తుపాకీ పట్టుకున్న సైనికుడు కాదు. రేసుకారు నడిపే కుర్రాడూ కాదు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఓ కలాసీ. దిమ్మలు భుజానికెత్తుకుని, అడ్డొచ్చే ఆవుల్నీ బండ్లనీ తప్పించుకుంటూ లారీ దాకా చేర్చాలి. జారిపడితే దిమ్మ పగిలిపోతుంది. ఆట అయిపోతుంది. రంగులు ముచ్చటగా ఉన్నాయి. లుంగీ గళ్లు, తలగుడ్డ ముడి, దిమ్మ మీద వాలిన ఈగలతో సహా గీశాడు.

వాళ్లమ్మ చూసి ‘చాలా బాగుంది నాన్నా’ అంది. వంటింట్లోకి వెళ్లిపోయింది.

మేనమామ చూసి పగలబడి నవ్వాడు. ‘వాడు నడుస్తున్నాడా, గాల్లో తేలుతున్నాడా? ఇవన్నీ పెద్ద కంపెనీలు చేసే పనులురా. నీ వల్ల ఏమవుతుంది? బుద్ధిగా చదువుకో’ అన్నాడు. అందరూ నవ్వారు. అబ్బాయీ నవ్వాడు. నవ్వుతూనే లాప్‌టాప్‌ మూత దించేశాడు. ఆ మూత మళ్లీ తెరుచుకోదేమో అనిపించింది నాకు.

అప్పుడు మూల మంచం మీదున్న తాత లేచి కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్లు అదే మార్కెట్లో దిమ్మలు మోసిన మనిషి.

‘ఒరే, మళ్లీ తియ్యిరా దాన్ని’ అన్నాడు. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చూశాడు. ‘ఏట్రా ఇది? బెల్లం దిమ్మా, దూది మూటా? ఎత్తినప్పుడు ఆడి మోకాలు వంగలేదేటి?’

అందరూ మళ్లీ నవ్వారు. అబ్బాయి మాత్రం ఈసారి నవ్వలేదు. ‘ఎలా వంగాలి తాతా?’ అని అడిగాడు.

ముసలాయన మంచం దిగాడు. కాళ్లు కొంచెం ఎడంగా పెట్టాడు. మోకాళ్లు వంచి, చేతులు కిందికి చాపి, ఒక్కక్షణం ఆగి ఊపిరి బిగబట్టాడు. మెల్లగా లేచాడు. భుజం మీదికి చేర్చుకుంటూ నడుం రెండోపక్కకి వాల్చాడు. మొదటి అడుగు చిన్నగా, తడబడుతూ వేశాడు. రెండో అడుగుకి కుదురుకున్నాడు. ఆయన చేతుల్లో ఏమీ లేదు. అయినా చూస్తున్న మాకందరికీ బరువు కనిపించింది. మనవడి బొమ్మ భుజం మీద దిమ్మ ఉంది. బరువే లేదు.

అబ్బాయి ఫోన్‌ తీసి, ‘తాతా, ఇంకోసారి’ అన్నాడు.

మూడు మాటలు... ఒక్కటే పనికొచ్చింది

ఆరోజు ఆ కుర్రాడికి మూడు అభిప్రాయాలు దొరికాయి. అమ్మ మాటలో ప్రేమ ఉంది. కానీ ఆ మాట పట్టుకుని రేపు ఏం మార్చాలో తెలీదు. మామయ్య మాటలో నిజమూ ఉంది. బొమ్మ నిజంగానే తేలుతోంది! కానీ ఆయన ఆ నిజం దగ్గర ఆగలేదు. బొమ్మని వదిలేసి బొమ్మ గీసినవాడి మీదికి వెళ్లాడు. ‘నీ వల్ల ఏమవుతుంది’ అన్నాక మోకాళ్ల గురించి ఆలోచించే ఓపిక ఎవరికుంటుంది?

తాత మాట వాళ్లిద్దరి మాటల కంటే మెత్తగా ఏమీ లేదు. ‘దూది మూట’ అనడం పొగడ్త కాదు కదా. కానీ ఆయన బొమ్మ గురించే మాట్లాడాడు. తప్పు ఎక్కడుందో చెప్పాడు. మోకాలి దగ్గర, ఎత్తే క్షణంలో ఉందన్నాడు. అడిగితే ఎలా ఉండాలో చేసి చూపించాడు. పనికొచ్చే విమర్శంటే అదే. తీపా చేదా అన్నది తర్వాతి సంగతి. విన్నవాడికి మర్నాడు పొద్దున చేయడానికి పని దొరికిందా లేదా అన్నదే లెక్క.

ఇంకో విశేషం... తాతకి కంప్యూటర్‌ ఆన్‌ చేయడం కూడా రాదు. రావక్కర్లేదు కూడా. యానిమేషన్‌లో సగం విద్య కంప్యూటర్లో లేదు. మనిషి ఎలా నడుస్తాడు, ఎలా కూర్చుంటాడు, బిందె ఎత్తుకున్నప్పుడు నడుం ఎటు ఒరుగుతుంది... ఇవన్నీ మనం రోజూ చూసేవీ, చేసేవే. గీయడం రాకపోయినా తప్పు పసిగట్టే కన్ను ప్రతి ఇంట్లోనూ ఉంటుంది.

బరువు ఎక్కడ దాగుంటుంది?

సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు. అంటే ఒక్క సెకను కదలికలో 24 బొమ్మలు మన కళ్ల ముందు నుంచి పరిగెడతాయి. మన కుర్రాడూ అదే లెక్క పెట్టుకున్నాడు. నేల మీద దిమ్మ భుజం మీదికి రావడానికి అతనిచ్చింది ఆరు ఫ్రేములు. పావు సెకను! పావు సెకనులో తలగడ ఎత్తొచ్చు, బెల్లం దిమ్మ ఎత్తలేం. బొమ్మలో దిమ్మ ఎంత పెద్దదిగా గీసినా, ఎంత నిగనిగలాడించినా కన్ను మోసపోదు. వస్తువు బరువు దాని బొమ్మలో ఉండదు. దాన్ని ఎత్తే మనిషి పడే అవస్థలో ఉంటుంది.

డిస్నీ స్టూడియోలో దశాబ్దాలు పనిచేసిన ఫ్రాంక్‌ థామస్‌, ఆలీ జాన్‌స్టన్‌ 1981లో రాసిన పుస్తకంలో యానిమేషన్‌ సూత్రాలు పన్నెండు చెప్పారు. అందులో ఒకటి- పెద్ద కదలికకి ముందు దానికి ఎదురు దిశలో చిన్న సన్నాహం ఉండాలని. గెంతేవాడు ముందు కుంగుతాడు. విసిరేవాడు ముందు చెయ్యి వెనక్కి తీస్తాడు. మన ఉత్తరాంధ్ర తప్పెటగుళ్లు ఆడేవాళ్లని చూడండి. ఎగిరే ముందు ఎంత కుంగుతారో! ఆ కుంగుబాటు తీసేస్తే ఎగురు కూడా తేలిపోతుంది. తాత ‘మోకాలు వంగలేదేటి’ అని అడిగింది సరిగ్గా ఈ సూత్రాన్నే. ఆయనకి దాని పేరు తెలీదంతే.

నడుం వాల్చడానికీ కారణముంది. కుడిభుజం మీద బరువు పడితే మనిషి ఎడమకి ఒరుగుతాడు. అలా ఒరిగితేనే మనిషీ మూటా కలిసిన బరువు పాదాల మీద నిలుస్తుంది. లేకపోతే పడిపోతాడు. బొమ్మ నిటారుగా నడుస్తోందంటే దాని భుజం మీద ఏమీ లేదనే అర్థం.

అందరికీ ఓ తాత కావాలి

మన కంటికి ఎంత అలవాటైన విషయమైనా గీసేటప్పుడు చెయ్యి మోసం చేస్తుంది. పెద్ద పెద్ద చిత్రకారులకే తప్పలేదు. ఒకప్పుడు యూరప్‌ చిత్రాల్లో పరుగెత్తే గుర్రాన్ని ముందుకాళ్లు ముందుకీ, వెనకకాళ్లు వెనక్కీ చాపి గాల్లో ఈదుతున్నట్టు గీసేవారు. 1878లో అమెరికాలో ఎడ్వర్డ్‌ మైబ్రిడ్జ్‌ వరుసగా కెమెరాలు పెట్టి పరుగెత్తే గుర్రాన్ని ఫొటోలు తీశాడు. నాలుగు కాళ్లూ నేలను వదిలే క్షణం నిజంగానే ఉంది. కానీ అప్పుడు కాళ్లు చాపి లేవు. పొట్ట కిందికి ముడుచుకుని ఉన్నాయి!

అందుకే తెలివైనవాళ్లు ఊహ మీద ఆధారపడరు. మనిషిని ఎదురుగా నిలబెట్టుకుంటారు. ఒకతరం పిల్లల్ని కంప్యూటర్లకి కట్టిపడేసిన ‘ప్రిన్స్‌ ఆఫ్‌ పర్షియా’ 1989లో వచ్చింది. తయారుచేసిన జోర్డాన్‌ మెక్‌నర్‌ అప్పటికి పాతికేళ్లవాడు. తన తమ్ముడికి తెల్లబట్టలు వేయించి, పరిగెత్తించి, గెంతించి వీడియో తీశాడు. ఆ కదలికల్ని ఒక్కో ఫ్రేమూ చూస్తూ బొమ్మలోకి దించాడు. రాకుమారుడు గోతిమీద నుంచి గెంతి అంచు పట్టుకుని వేలాడితే ఆడేవాళ్ల గుండె గుభేలుమనేది. కారణం... అందులో ఓ నిజమైన కుర్రాడి ఒళ్లుంది. ఆయనకి తమ్ముడు. మనవాడికి తాత.

మన ‘ఈగ’ సంగతే చూడండి. 2012లో వచ్చిన రాజమౌళి సినిమాలో హీరో మాట్లాడడు. మనిషి ముఖం లేదు. కోపం, పంతం, వెటకారం అన్నీ రెక్కలతో, కాళ్లతో, తల తిప్పే తీరుతో చూపించాలి. హైదరాబాద్‌ మకుట సంస్థ నిపుణులు ఆ పని చేశారు. ఉత్తమ తెలుగు చిత్రంగానే కాదు, స్పెషల్‌ ఎఫెక్ట్స్‌కి కూడా ఆ సినిమా జాతీయ అవార్డు తెచ్చుకుంది. కొత్తగా బొమ్మలు కదిలించేవాళ్లు చాలామంది ముఖం మీదే కష్టమంతా పెడతారు. మనవాడు కూడా కలాసీ నుదుట చెమటచుక్కలు గీశాడు. మోకాళ్లు మర్చిపోయాడు. చెమటతో బరువు రాదని ఈగని చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

తోలుబొమ్మ పరీక్ష

కదలిక సంగతి సరే, బొమ్మ గీతలో తప్పు పట్టుకోవడమెలా? ఇంట్లో ఎవరైనా చేయగలిగే పరీక్ష ఒకటుంది. బొమ్మ మొత్తాన్ని నల్లరంగుతో నింపేయమనండి. ఆ నల్లటి ఆకారం చూసి అదెవరో, ఏం చేస్తోందో చెప్పగలిగితే గీత నిలబడ్డట్టు. చెప్పలేకపోతే రంగులు ఎన్ని వేసినా లాభం లేదు. మన తోలుబొమ్మలాటవాళ్లకి ఇది కొత్త విషయం కాదు. తెరమీద కదిలే బొమ్మ ఎవరిదో దూరంగా కూర్చున్నవాళ్లకీ తెలియాలి. అందుకే ముఖాన్ని పక్కనుంచి చూపిస్తారు. చేతుల్ని ఒంటికి అంటించకుండా విడిగా కదిలిస్తారు. హైదరాబాద్‌లో పుట్టి 2008 నుంచీ టీవీలో సందడి చేస్తున్న ఛోటా భీమ్‌ని నీడ చూపించినా పిల్లలు గుర్తుపట్టేస్తారు.

ఏం గీయాలో ఎంత ముఖ్యమో, ఏం వదిలేయాలో అంతే ముఖ్యం. 1981లో వచ్చిన ‘డాంకీ కాంగ్‌’ గేమ్‌లో ఓ చిన్న మనిషిని గీయాల్సి వచ్చింది జపాన్‌కి చెందిన షిగెరు మియమోతోకి. గళ్లు గళ్లుగా, వేలెడంత బొమ్మ. జుట్టు గీస్తే కుదరదని టోపీ పెట్టాడు. నోరు కనపడదని మీసం పెట్టాడు. చేతులు ఊగడం తెలియాలని చొక్కా ఒక రంగు, పైన వేసే దుస్తులు ఇంకో రంగు చేశాడు. అలా పుట్టినవాడే తర్వాత ప్రపంచమంతా తెలిసిన మారియో!

ఆ విద్య కోసం మన కుర్రాడు జపాన్‌ దాకా వెళ్లక్కర్లేదు. ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలోనే ఉంది. అక్కడి లక్క బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంకుడు కర్రని తరిణ మీద తిప్పి చేసే ఆ బొమ్మల్లో వేళ్లుండవు, గోళ్లుండవు. గుండ్రటి తల, గుండ్రటి ఒళ్లు, నాలుగు రంగులు. అయినా పెళ్లికూతురెవరో, డోలు వాయించేవాడెవరో చూడగానే తెలిసిపోతుంది.

కొరత సాఫ్ట్‌వేర్‌కి కాదు

పదిహేనేళ్ల క్రితమైతే ‘ఇవన్నీ డబ్బున్నవాళ్ల పనులు’ అనుకోవడంలో కొంత నిజముండేది. ఇప్పుడు అలా కాదు. త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్‌ సాఫ్ట్‌వేర్‌ని పైసా కట్టకుండా వాడుకోవచ్చు. లాత్వియా అనే చిన్న దేశంలో గింట్స్‌ జిల్బాలోదిస్‌ అనే కుర్రాడు ‘ఫ్లో’ సినిమాని దాంతోనే తీశాడు. మాటల్లేని ఓ పిల్లి కథ. 2025లో ఉత్తమ యానిమేషన్‌ చిత్రంగా ఆస్కార్‌ గెలిచింది.

పరికరం చేతికొచ్చింది. రానిదల్లా పక్కన కూర్చుని చూసే మనిషే. చందమామ ముఖచిత్రాలతో తెలుగువాళ్లని మురిపించిన వడ్డాది పాపయ్య ఏళ్ల తరబడి అనకాపల్లిలో డ్రాయింగ్‌ మాస్టారుగా పనిచేశారు. ఆయనకి తొలిపాఠాలు నేర్పింది కన్నతండ్రే. డ్రాయింగ్‌ మాస్టారంటే పెన్సిలు ఇచ్చేవాడు కాదు. ‘ఈ చెయ్యి పొడుగైంది, మళ్లీ చూడు’ అని చెప్పేవాడు. ఎంత గొప్ప సాఫ్ట్‌వేరైనా గీత నున్నగా చేసి పెడుతుంది తప్ప, గీసినవాడి మనసులో ఏముందో అడగదు.

పాకం ముదరకముందే...

బెల్లం వండేవాళ్లు పాకం ఎప్పుడు చూస్తారు? పొయ్యి మీద ఉండగానే. గరిటెతో కొంచెం తీసి నీళ్లలో వేస్తారు. వేళ్లతో ఉండ కట్టి చూస్తారు. చాలకపోతే ఇంకాస్త మంట పెడతారు. అచ్చులో పోసి దిమ్మ గట్టిపడ్డాక లోపం తెలిసి ఏం లాభం?

మన కుర్రాడు చేసిన అసలు పొరపాటు అదే. నాలుగు నెలలు ఎవరికీ చూపించలేదు. లుంగీ గళ్లు, ఈగలు, చెమటచుక్కలు అన్నీ పూర్తయ్యాక చూపించాడు. మోకాళ్లు తప్పని తెలిసేసరికి వాటిమీద వేసిన రంగులన్నీ చెరపాల్సి వచ్చింది. ‘మొదటివారమే తాతకి చూపించి ఉంటే నాలుగు గీతలతో పోయేది’ అన్నాడు నాతో.

ఎందుకు చూపించలేదంటే సిగ్గు. సగం చేసింది చూపిస్తే నవ్వుతారని భయం. ఆ భయం పెద్ద స్టూడియోల్లోనూ ఉంటుంది. అందుకే పిక్సార్‌లో యానిమేటర్లు పూర్తికాని పనినే రోజూ అందరి ముందూ పెట్టడం ఆనవాయితీ. ఆ సంస్థ నడిపిన ఎడ్‌ కాట్‌మల్‌ 2014లో రాసిన పుస్తకంలో దీని గురించి చెప్పాడు. అందరూ సగం పనే చూపిస్తారు కాబట్టి ఎవరికీ సిగ్గుండదు. అక్కడే ఇంకో నియమం కూడా ఉంది. సినిమా ఎక్కడ కుంటుతోందో తోటి దర్శకులు మొహమాటం లేకుండా చెబుతారు. కానీ ఎలా దిద్దుకోవాలో నిర్ణయం ఆ సినిమా దర్శకుడిదే. సలహా ఆజ్ఞ కాదు.

మీ ఇంట్లో ఎవరైనా బొమ్మ చూపిస్తే...

* ముందు అడగండి: ‘ఇందులో ఏం చూపించాలనుకున్నావు?’ కావాలనే వంకరగా గీసినదాన్ని తప్పనుకునే ప్రమాదం తప్పుతుంది.
* మీకు కనిపించింది చెప్పండి: ‘బాగాలేదు’ కంటే ‘నాకు వాడు ఎగురుతున్నట్టు కనిపిస్తున్నాడు’ అన్నది వెయ్యిరెట్లు నయం.
* చోటు చూపించండి: చెయ్యా, కాలా, ఎత్తేటప్పుడా, దించేటప్పుడా?
* ఒకసారికి ఒక్కటే: ఇరవై తప్పులు ఏకరువు పెడితే ఇరవై ఒకటోది వినడానికి మనిషి ఉండడు.
* బాగున్నది ఎందుకు బాగుందో చెప్పండి: ‘తలగుడ్డ ముడి సరిగ్గా మన మార్కెట్లోవాళ్లలాగే ఉంది’ అంటే అది చెరపకూడదని తెలుస్తుంది.
* మౌస్‌ లాక్కోకండి: దిద్దాల్సింది వాళ్లే.

గీసేవాళ్లకీ రెండు మాటలు. ఎదుటివాళ్లు చెబుతుంటే ‘అది అలా కాదు, నా ఉద్దేశం...’ అంటూ అడ్డుపడొద్దు. రేపు గేమ్‌ ఆడేవాళ్ల పక్కన కూర్చుని మీ ఉద్దేశం చెప్పలేరు కదా. కాగితం మీద రాసుకోండి. ఇద్దరు మనుషులు ఒకేచోట తడబడితే అక్కడ ఏదో ఉందనే అర్థం. వాళ్లు చెప్పిన మందు తప్పయినా నొప్పి నిజమే. అందుకే మామయ్య మాటనీ పూర్తిగా పారేయొద్దు. అందులోంచి ‘తేలుతున్నాడు’ అన్నది తీసుకుని, ‘నీ వల్ల ఏమవుతుంది’ అన్నది ఆయనకే వదిలేయండి. కొంచెం కష్టమే. అందుకే ఆ రెండో మాట అనకుండా ఉండటం పెద్దవాళ్ల బాధ్యత.

* * *

నెలన్నర తర్వాత మళ్లీ ఆ ఇంటికి వెళ్లాను. మంచం పక్కన ముక్కాలిపీట మీద లాప్‌టాప్‌. తాతా మనవడూ చెరోపక్క. గేమ్‌లో కలాసీ ఇప్పుడు మోకాళ్లు వంచుతున్నాడు. దిమ్మ భుజానికెక్కగానే నడుం ఒరుగుతోంది. మొదటి అడుగు తడబడుతోంది. అచ్చం తాత నడకే! ఈగలూ చెమటచుక్కలూ మాత్రం లేవు. ‘తర్వాత వేస్తా’ అన్నాడు.

వాళ్లమ్మ ఓ మాట చెప్పింది. మార్కెట్‌ పని మానేశాక ఆయన్ని ఆ పని గురించి ఎవరూ ఏమీ అడగలేదట. ఇప్పుడు మనవడు రోజూ అడుగుతున్నాడు. వానలో తడిసిన నేలమీద ఎలా నడిచేవాళ్లు, అలసిపోతే భుజం ఎలా మార్చుకునేవాళ్లు... ఆయన లేచి చూపిస్తున్నాడట. మోకాళ్లు నొప్పులంటున్నా వినడం లేదట.

‘ఇప్పుడెలా ఉంది తాతా?’ అడిగాడు మనవడు.

ముసలాయన చాలాసేపు చూశాడు.

‘బరువొచ్చింది’ అన్నాడు. మనవడి ముఖం వెలిగింది. అంతలోనే... ‘అయితే ఒరే, లారీ కాడికెళ్లి దించినాక అలా ఎంటనే ఎనక్కి పరిగెడతాడేటి? ఒక్క చణం నిలబడి నడుం సాపుకోడా?’

అబ్బాయి నోట్‌బుక్‌ తీసి రాసుకున్నాడు.